మూత కింద

“ఒక బకెట్టు నీళ్లు పట్టుకురండి,” అంది ఇన్‌స్పెక్టరమ్మ, ఇంకుడు గుంత మూత పక్కకు జరుపుతూ.

ఇల్లు కట్టించిన అల్లుడు బకెట్టు కోసం వెతుకుతున్నట్టు నటించాడు. ఆ మూత కింద గుంత లేదు. ఒక సిమెంటు వర, నాలుగు తట్టల కంకర, దాని కింద గట్టి నేల. “వచ్చినవాళ్లు మూత చూసి పోతారు సార్, తవ్వితే కూలి దండగ,” అన్నాడు కట్టేటప్పుడు మేస్త్రీ. తల ఊపినవాడు తనే. వాన నీళ్లు ఎవరి స్థలంలో వాళ్లు ఇంకించుకుంటేనే మున్సిపాలిటీవాళ్లు కొత్త ఇంటికి కుళాయి ఇస్తారు. అద్దె ఇల్లు పొద్దున్నే ఖాళీ చేసేశారు. బీరువా, పరుపు చుట్టలు వరండాలో ఉన్నాయి. వాటికి కాపలాగా అత్తగారు బోనులో రొట్టె ముక్క గుచ్చుతూ కూర్చుంది.

“మనకంటే ముందే కాపురం పెట్టింది, ముదనష్టపు పందికొక్కు,” అని సణిగింది.

అతను డ్రమ్ములోంచి సగం బకెట్టు ముంచాడు.

“వాన కూడా ఇలా పొదుపుగానే పడుతుందా?” అంది ఇన్‌స్పెక్టరమ్మ. “నిండా తెండి.”

పోశాడు. నీళ్లు వర అంచుదాకా వచ్చి ఆగాయి. అందులో తన మొహం కనిపించింది. దొరికిపోయేవాడి మొహం. చూస్తుండగానే అది వణికి, ఒక పక్కకు సాగిపోయి, గుటక వేసినట్టు చప్పుడు చేసి మాయమైంది.

“ఇంకోటి.”

అదీ ఇంకింది. మరోటీ ఇంకింది.

గుండెల మీంచి కుంపటి దించినట్టయింది అతనికి. ఎందుకు బతికిపోయాడో మాత్రం అర్థం కాలేదు. ఆమె జేబులోంచి పచ్చ సుద్దముక్క తీసి గేటు మీద టిక్కు మొదలుపెట్టింది.

“ఈ వీధి నిండా మూతలే గానీ గుంతల్లేవు. మీది ఎవరు తవ్వారండీ?”

మేస్త్రీ పేరు నాలుక చివరి దాకా వచ్చింది. “నేను తవ్వించలేదండీ,” అని బయటపడింది.

సుద్దముక్క ఆగింది. “మరి?”

“అదిగో,” అంది అత్తగారు.

ఇటుకల గుట్ట వెనక కన్నంలోంచి పిల్లి అంత పందికొక్కు నిలువునా తడిసి బయటికొచ్చింది. ఒళ్లు దులుపుకుని, ఇల్లు మునిగినవాళ్లు చూసినట్టు ముగ్గురినీ చూసి, గోడ వారగా వెళ్లిపోయింది.



“నీళ్లు ఇంకాలనే ఉంది నిబంధనలో. ఎవరు తవ్వాలో లేదు,” అంటూ ఆమె టిక్కు పూర్తిచేసింది. “వానల్లోపు మీరూ ఓ చెయ్యి వేయండి. పాపం, ఒక్కతే తవ్వుకుంది.”

అల్లుడు గేటు పట్టుకుని, చాలాసేపటికి నవ్వాడు.

అత్తగారు బోనులోంచి రొట్టె ముక్క ఊడదీసి, కన్నం ముందు పెట్టింది.

“కూలి ఎగ్గొట్టకూడదు కదా, అల్లుడుగారూ.”