అడ్డం పెట్టిన కంప

హిమబిందు మౌంటెన్ సైకిలుకు బ్రేకు వేసింది. గండికోటకు కొండదారి మ్యాపు తయారుచేస్తూ పోయినవారం ఈ చేలోంచే వెళ్ళింది. అప్పుడు పచ్చగా ఉన్న శెనక్కాయ పంట ఇప్పుడు మోళ్ళుగా మిగిలింది.

"ఏమైందన్నా?"

గట్టు మీద కూర్చున్న ఓబులేసు తలెత్తాడు. "మా తమ్ముని మేకలు పడినాయి పాపా. దారికడ్డం ముళ్ళకంప ఏసింటి. వాడే తీసినాడు."

హిమబిందు దారికి మళ్ళీ అడ్డం వేసిన కంప వైపు చూసింది. పోయినవారం ఆ కంప లాగి సైకిలు దాటించింది తనే. మళ్ళీ అడ్డం పెట్టాలని తోచనేలేదు.

"ఆయన ఒప్పుకున్నాడా?"

"యాడ? అహోబిలం పోయి తడిబట్టలతో ప్రమాణం చేస్తానన్యాడు. నేను నమ్మలా. రోషానికి మేకలన్నీ సంతలో అమ్మేసినాడు. మా మధ్య మాటల్లేవు."

చెప్పేద్దామనుకుంది. "ఆ మేకల్ని... వెనక్కి కొనలేమా?"

"యాడివి పాపా, కసాయోళ్ళ కోతకు పోయినాయి."

హిమబిందు సైకిలు దిగింది. కంప పక్కకు లాగి, సైకిలు దాటించి, ఈసారి సందు లేకుండా అడ్డం పెట్టింది.

ఓబులేసు మెచ్చుకోలుగా చూశాడు. "టౌను పిల్లవు, నీకుండే ఇంగితం మా తమ్మునికి ల్యాకపాయె."