నలభయ్యో ఆల్చిప్ప

"ముప్పై రెండు," అని నీళ్ళలోంచి తల పైకెత్తి చెప్పి, అకొయా మళ్ళీ మునిగింది. పడవలో తెడ్డు పట్టుకుని కూర్చున్న తెబానో గుండె కూడా ఆమెతోపాటే మునిగింది. లెక్క ముప్పై తొమ్మిది దగ్గర ఆగిపోతే బాగుండునని ముసలాయన ఆశ.

ఆ దీవి జనాభా లెక్కపెట్టడానికి ఒక్క వేలు చాలు, అదీ తెబానోదే. బావుల్లో ఉప్పునీళ్ళు ఊరాక అందరూ పెద్ద దీవికి వెళ్ళిపోయారు. కొబ్బరి ఎండబెట్టుకుంటూ అతనొక్కడే మిగిలాడు. ఒంటికి జబ్బు చేస్తే మందుంది, ఒంటరికేముంది? పగడాల దిబ్బ మీది రంగురంగుల చేపలతో ఎంత మాట్లాడినా, అవి నోరు తెరుస్తాయేగానీ బదులు చెప్పవు.

ఏడాదికోసారి తరావా పట్నం నుంచి చేపల శాఖ తరఫున అకొయా వస్తుంది. దిబ్బ మీద తాను నాటిన, చేటంతేసి ఆల్చిప్పలు నలభై ఎలా ఉన్నాయో చూసిపోతుంది. నలభైకి నలభై దొరికితే పని ముగిసినట్టేననీ, ఇక రానక్కరలేదనీ మొదటి ఏడే చెప్పింది. ఉన్న మూడు రోజులూ అతను కాల్చిన చేప తింటూ, పట్నంలో తనతో కూర్చుని తినేవాళ్ళే లేరంటుంది. అతను చెప్పిన కథే మళ్ళీ చెప్పినా నవ్వుతుంది.

అందుకే తెబానో దొంగయ్యాడు. ఆమె వచ్చేముందు ఒక ఆల్చిప్పను మోసుకెళ్ళి అవతలి దిబ్బ చాటున దాచేవాడు. ఆల్చిప్పకు నోరుంది గానీ చాడీలు చెప్పదు కదా. ఆమె వెళ్ళాక తెచ్చి దాని చోట పెట్టేవాడు. ఒక ఏడు మాయమైంది మరుసటి ఏడు ప్రత్యక్షం, అప్పుడు ఇంకొకటి మాయం. నాలుగేళ్ళుగా ఆమె తేలుతోంది గానీ లెక్క తేలడం లేదు.

అకొయా పైకొచ్చి, పడవ అంచు పట్టుకుని, కళ్ళద్దాలు తీసింది. ముసలాయన వంక కాసేపు అలాగే చూసింది.

"ముప్పై తొమ్మిది, తాతా."

తెబానో పడవ అంచు మీదికి వంగాడు.

"సరిగ్గా చూశావా అమ్మాయీ?"

"రెండుసార్లు చూశా. నీ దిబ్బలో ఎవరో దొంగ ఉన్నాడు. ఏం చేస్తాం, వచ్చే ఏడు మళ్ళీ రావాల్సిందే. టీపొడి తేనా, పొగాకు తేనా?"

రెండూ తెమ్మని గొణిగి, తెబానో మొహం అటు తిప్పుకున్నాడు.

మోకాళ్ళ నొప్పులతో ఆ ఏడు అతను నీళ్ళలో దిగనేలేదు.