నీళ్లకో లెన్స్, నేలకో లెన్స్

“నిజమే చెప్తవ్ గద వనజా? కోపం మనసుల పెట్టుకోని ఏదో ఒకటి అంటగట్టవు గద?”

దేవదాస్ కౌంటర్ మీద మోచేతులు ఆనించి నవ్వాడు. ఆ పళ్లు రాలగొట్టాలనిపించింది వనజకు. కరీంనగర్‌లో కెమెరాలు అమ్మే, అద్దెకిచ్చే ఆ దుకాణంలో తను జీతానికున్న మనిషి, వచ్చినవాడు గిరాకీ. అందుకే ఊరుకుంది.

అతని తలకు సరిగ్గా పైన, గోడ మీద, పోటీలో గెలిచిందని దుకాణం యజమాని అద్దం కట్టించిన ఫోటో ఉంది. మరమగ్గం ముందు వంగి తెగిన పోగును ముడేస్తున్న బుచ్చవ్వ. బుచ్చవ్వ వనజ తల్లి. ఫోటో తీసింది వనజ. కింద పేరు మాత్రం దేవదాస్‌ది. ఇద్దరూ ఒకే స్టూడియోలో ఉన్నప్పుడు ఆమె కంప్యూటర్‌లోంచి ఎత్తుకుపోయి, పోటీకి పంపి, మొదటి బహుమతి కొట్టేశాడు. అది నాదని వనజ మొత్తుకుంటే, బహుమతి ఇచ్చిన కాంట్రాక్టర్ రాయమల్లు ఆమె ముఖమైనా చూడకుండా “సాక్ష్యమున్నదా?” అన్నాడు. లేదు. ఆనాటి నుంచి ఆమె కడుపులో కుంపటి ఆరలేదు.

“ఏం కావాలె?” అంది.

“రాయమల్లు సారు బిడ్డ పెండ్లి పని నాకే దొరికింది. రేపు వాళ్ల ఫామ్‌హౌస్ ఈతకొలనుల పిల్లనూ పిల్లగాన్నీ నీళ్లల్ల ముంచి ఫోటోలు తియ్యాలె. ఇప్పుడందరికీ గదే పిచ్చి. పిల్లగాడు ఎల్లుండి దుబాయ్ పోతడు, మళ్ల పెండ్లికే వచ్చుడు. రేపు తప్పితే ఇగ లేదు. కెమెరాను నీళ్లల్ల దింపే డబ్బా తీస్కపోత. దాంట్ల ఏ లెన్స్ పెట్టాలె?”

కౌంటర్ చివర బిల్లులు రాస్తున్న మమతారాణి తలెత్తింది. వనజ పగ సంగతి ఆమెకు తెలుసు. ‘దొరికిండు అక్కా, ఒదలకు’ అన్నట్టు కన్నుగీటింది.

వనజ గొంతులోకి ఎక్కడలేని మర్యాద వచ్చింది. రెండు లెన్సులు తెచ్చి మెత్తటి గుడ్డ మీద పెట్టింది.

“నీళ్లల్లకు గీ వెడల్పు లెన్స్ పెట్టు. చెయ్యి చాపితే తగిలేంత దగ్గరికి పోయి తియ్యి. దూరమున్నదాన్ని దగ్గరికి గుంజే గీ ఎయిటీఫైవ్ లెన్స్ బయట రోజువారీ పనికి వాడుకో. పెండ్లిపిల్ల ముఖానికి దీన్ని మించింది లేదు. నీళ్లల్ల మాత్రం వద్దు.”

“వెడల్పు లెన్స్‌తోని అంత దగ్గరికి పోతే పిల్ల ముక్కు వంకాయంత రాదా?”

“బయటైతే వస్తది. నీళ్ల లెక్క వేరే.”

“వేరేనా?” దేవదాస్ కళ్లు చిన్నవి చేశాడు.

“చెప్పేది చెప్పిన, నీ ఇష్టం. డబ్బా ముందరి అద్దం ఒక్కో లెన్స్‌కు ఒక్కో తీరుంటది. ఇక్కడ ఏది బిగిస్తే రేపు అదే.”

దేవదాస్ ఆమె ముఖం వంక చూశాడు. ఎక్కడా కోపం కనపడలేదు. అదే అతన్ని భయపెట్టింది. దుకాణం యజమాని అంతయ్య వైపు తిరిగాడు.

“సేట్, ఎయిటీఫైవే బిగించుండ్రి.”

“వద్దని చెప్పవట్టె గదనయ్యా వనజ” అన్నాడు అంతయ్య.

“ఎన్ని పెండ్లిళ్లు తీసిన సేట్! నాకు తెల్వదా?” అని, వనజ చెవి దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు. “తాడి తన్నేటోడు ఉంటే వాని తల తన్నేటోడు ఉంటడు. నీ ఎత్తు నాకు సమజ్ కాలేదనుకున్నవా?”

డబ్బా చంకన పెట్టుకుని ఈల వేస్తూ పోయాడు.

“అయ్యో అక్కా, చేతికి చిక్కినట్టే చిక్కి జారిపాయె!” మమత తల కొట్టుకుంది. “జర నమ్మేటట్టు చెప్పకపోతివి?”

వనజ వెడల్పు లెన్స్‌ను తుడిచి అల్మారాలో పెట్టింది. ఇంటికి పోతూ పోతూ మాత్రం జిలేబీ కట్టించుకుంది.

మర్నాడు సాయంత్రం రాయమల్లు దేవదాస్‌ను రెక్క పట్టి దుకాణంలోకి ఈడ్చుకొచ్చాడు. లాప్‌టాప్ తెరిచి కౌంటర్ మీద పడేశాడు. దగ్గర నుంచి తీసిన ఫోటోల్లో పిల్ల ఉంటే పిల్లగాడు లేడు. ఇద్దరూ పట్టాలని కొలను గోడకు వీపు ఆనేదాకా జరిగి తీసినవి మజ్జిగలో ముంచినట్టున్నాయి. ఎవరి ముఖమో ఆనవాలు లేదు.

“ఖరాబు లెన్స్ ఇచ్చిండ్రు సార్ వీళ్లు!” అన్నాడు దేవదాస్.

అంతయ్యకు మండింది. “నా దుకాణం పేరు తియ్యకు! ఎయిటీఫైవ్ వద్దని వనజ నా ముందట్నే చెప్పలేదా? నీళ్లల్ల దూరం పోయినకొద్ది బొమ్మ మసకైతది. అందుకే వెడల్పు లెన్స్ పెట్టి దగ్గరికి పొమ్మన్నది. డబ్బా తీస్కపోయే ప్రతోనికి ఆమె గదే చెప్తది. ఏం తప్పు చెప్పింది?”

మమత నోరు తెరుచుకుంది. “అక్కా, నువ్వు నిజమే చెప్పినవా?”

“అక్షరం పొల్లుపోకుంట” అంది వనజ, దేవదాస్ మీది నుంచి చూపు తిప్పకుండా.

రాయమల్లు చెయ్యి దేవదాస్ కాలర్ మీదికి పోయింది. “మంచిగ చెప్తే ఎందుకినలేదురా? నా బిడ్డ పొద్దటిసంది అన్నం ముట్టలే! ఈ పిల్ల నీకు అబద్ధం చెప్తదని ఎందుకనుకున్నవ్? ఈమెకు నీతోని ఏం పగ?”

దేవదాస్ దిక్కులు చూశాడు. పని రాదంటే ఊళ్లో ఇంక పని పుట్టదు. కావాలనే చేశానంటే తన్నులు తప్పవు. కాలర్ ఇంకా బిగిసింది. ఊపిరాడక, ఏం మాట్లాడుతున్నాడో తెలియక అరిచాడు.

“గా గోడ మీది ఫోటో ఆమెదే సార్! ఎత్తుకపోయి నా పేరు పెట్టుకున్న. అసోంటి నాకు ఆమె నిజం చెప్తదని ఎట్లనుకుంట?”