కుచ్చుచెవుల పెళ్లికొడుకు

“అమ్మమ్మా! కోళ్లగూడు దగ్గర ఏదో జంతువు అడుగు!”

ఏడేళ్ల ఎస్కిల్ బురద బూట్లతోనే వంటింట్లోకి దూసుకొచ్చాడు. వెనకే వాడి అక్క తిరిల్.

గున్వోర్ కిటికీలోంచి తొంగి చూసింది. ఏమీ కనపడలేదు. కాఫీ కప్పు వదిలేసి, స్వెట్టర్ తగిలించుకుని పెరట్లోకి నడిచింది. బురదలో గుండ్రంగా, పిడికెడంత పాదముద్ర. నాలుగు వేళ్లు. గోళ్ల గుర్తుల్లేవు.

“లింక్స్!” కేక పెట్టింది. “చెవుల మీద కుచ్చులుండే అడవిపిల్లి! డెబ్బై ఏళ్లొచ్చాయి, ఒక్కసారీ నా కంటపడలేదు!”

శరత్కాలం సెలవులకని ఒస్లో నుంచి వచ్చిన పిల్లలిద్దరూ రెండు రోజులుగా సోఫాకి అతుక్కుపోయి ఫోన్లు నొక్కుకుంటున్నారు. ఇదే అదను. నలభై ఏళ్లు ఊళ్లో పెళ్లి ఫోటోలు తీసిన గున్వోర్, అల్మారాలో మూలుగుతున్న కెమెరా తీసి మెడలో వేసుకుంది. చిన్న కెమెరా తిరిల్‌కి. ఎస్కిల్‌కి ఫోన్ ఉండనే ఉంది.

“ముందు ఎవరు ఫోటో తీస్తే వాళ్లే దానికి పేరు పెట్టాలి. పదండి!”

అడుగులు వాగు దాకా వెళ్లి బండ దగ్గర మాయమయ్యాయి. అయితేనేం, కప్ప దొరికింది. ఎస్కిల్ పదిహేడు ఫోటోలు తీశాడు. పదహారింట్లో వాడి బొటనవేలే. పదిహేడోదాంట్లో కప్ప ఆవులిస్తోంది.

మర్నాడు అడుగులు వాగు దాటాయి. ఎర్ర పుట్టగొడుగు కనపడగానే గున్వోర్ నాచు మీద బోర్లా పడుకుంది.

“గడ్డం కాస్త పైకి, పెళ్లికూతురా! ఆ... నవ్వు!”

“అమ్మమ్మా, అది పుట్టగొడుగు!”

ముగ్గురికీ నవ్వాగలేదు. నవ్వుతో గున్వోర్ లేవలేకపోయింది. పిల్లలు చెరో చెయ్యి పట్టుకుని లాగారు.

“మెల్లగా లాగండ్రా! ఆపరేషన్ చేసి పెట్టిన కొత్త తుంటి!”

మూడో రోజు బురదనేల అవతల. నాలుగో రోజు పైన్ చెట్ల మధ్య. రోజురోజుకీ అడుగులు దూరం పోతున్నాయి. సాలెగూడు మీద మంచు, దుప్పి నమిలిన కొమ్మ, నత్త వదిలిన వెండిగీత... కెమెరాలు నిండిపోతున్నాయి. లింక్స్ జాడ మాత్రం లేదు.

దారిలో పొరుగాయన తుర్‌బ్యోర్న్ ట్రాక్టర్ ఆపాడు.

“ఏం గున్వోర్, ఎవరి పెళ్లికి పరిగెడుతున్నావు?”

“పెళ్లికొడుకు పారిపోయాడు. వెతుకుతున్నాం!”

ఆయన కిందికి వంగి గొంతు తగ్గించాడు. “నిజం చెప్పు. పిల్లల్ని సోఫాలోంచి లేపడానికి ఆ అడుగులు వేస్తోంది నువ్వే కదూ?”

గున్వోర్ మొహం ఎర్రబడింది. “నోర్మూసుకుని ట్రాక్టర్ నడుపుకో! పిల్లలు వింటారు!”

పిల్లలు వినలేదు. వెనక నిలబడి ఆవులిస్తున్నారు.

శుక్రవారం ఉదయం ఎస్కిల్ బల్ల మీద తలవాల్చేశాడు. “ఇవాళ మానేద్దామా అమ్మమ్మా? నిద్రొస్తోంది.”

“సిగ్గులేదట్రా? ఏడేళ్ల వెధవవి!” అంటూ గున్వోర్ అప్పటికే బూట్ల తాళ్లు బిగిస్తోంది.

ఆ రోజు అడుగులు ఏకంగా కొండెక్కాయి. గున్వోర్ ముందు, పిల్లలు వెనక. పైకి చేరేసరికి కింద నది, పసుపు పచ్చని అడవి, అగ్గిపెట్టెంత ఇల్లు. ముగ్గురూ వాఫుల్స్ తిన్నారు. గున్వోర్ కెమెరాని బండ మీద పెట్టి, పరిగెత్తుకొచ్చి పిల్లల మధ్య దూకింది. ఆ ఫోటోలో ముగ్గురి నోళ్లూ తెరిచే ఉన్నాయి.

“రేపు తెల్లారకముందే బయల్దేరాలి,” అంది దిగుతూ. “వాడు దగ్గర్లోనే ఉన్నాడు. నాకు వాసన తెలుస్తోంది!”

ఇంటికొచ్చాక ఆమె వంటింట్లో ఈలవేస్తూ చేపలు వేయిస్తుంటే, మేడ మీద తలుపేసుకుని ఎస్కిల్ మరో బంగాళాదుంపకి నాలుగు వేళ్లు చెక్కుతున్నాడు, తిరిల్ ఫోన్లో గుసగుసలాడుతోంది: “అమ్మా, ఆపరేషనయ్యాక వాకిలి దాటనని మొండికేసిన మీ అమ్మని ఇవాళ కొండెక్కించాం!”