ఆదివారం సెలవు

ఈ కథలో నేను కల్పించింది ఒక్క అక్షరం కూడా లేదు. నేను అబద్ధమాడిన రోజున ఫిలిప్పీన్స్‌లో మా ఊరైన ఇలోయిలోలో వాన కింది నుంచి పైకి కురుస్తుందని మా పేటలో అందరికీ తెలుసు. అందుకే ధైర్యంగా మొదలుపెడుతున్నాను.

మిందా హాంకాంగ్ నుంచి వచ్చి నెల కావస్తోంది. పెట్టె ఇంకా సర్దలేదు. బట్టలు అందులోంచే తీస్తుంది, ఉతికి మళ్లీ అందులోనే పెడుతుంది.

ఇల్లు పెద్దది. అంతకు ముందు ఫోటోల్లోనే చూసింది. ఏ గదిలో ఏ రంగు టైల్స్ వేశారో కళ్లు మూసుకుని చెప్పగలదు. ఏ స్విచ్చి నొక్కితే ఏ లైటు వెలుగుతుందో మాత్రం తెలియదు. వీధి లైటు వేయబోయి రోజూ ఫ్యాను వేస్తుంది.

ఊరు సరేసరి. హాంకాంగ్‌లో కళ్లకు గంతలు కట్టినా రైళ్లు మారగలిగిన మనిషి, ఇక్కడ హారో పేటకనుకుని జీప్నీ బండి ఎక్కి లా పాస్ పేటలో తేలుతుంది.

"ఊరికి కొత్తా పెద్దమ్మా?" అని డ్రైవరు నవ్వాడు.

"అంతే అనుకో నాయనా" అంది.

ఆ ఇంట్లో ఉండే జెనలిన్ చెడ్డది కాదు. బ్యాంకులో ఉద్యోగం. ఒంటరి మనిషి. గొంతు పెంచదు. ఆ మెత్తదనమే మిందాకు భయం. కసిరే మేడంలతో ఎలా నెగ్గుకురావాలో ఆమెకు బాగా తెలుసు.

"ఫ్రిజ్ తీయడానికి కూడా నన్నడగాలా?" అంది ఒకరోజు జెనలిన్.

"అలవాటు మేడం."

"మేడం అనొద్దన్నాను కదా."

"మరేమనమంటారు?"

జెనలిన్ బ్యాగులో తాళాలు వెతుక్కుంటూ ఆఫీసుకు వెళ్లిపోయింది.

తిండి దగ్గరా ఇదే తంటా. జెనలిన్ తినడం అయ్యేదాకా మిందా వంటింట్లోనే ఉంటుంది. తర్వాత గిన్నెలోనే చెంచా వేసుకుని నిలబడి తినేస్తుంది. "కూర్చోండి" అంటుంది జెనలిన్. కూర్చుంటుంది. ముద్ద దిగదు.

శనివారం సాయంత్రం హాంకాంగ్ నుంచి నెనిత ఫోను చేసింది. ఇద్దరూ ఒకే మేడలో, పై అంతస్తులో ఒకరూ కింది అంతస్తులో ఒకరూ పనిచేసినవాళ్లు.

"ఏమే, బతికే ఉన్నావా? నీ అట్టముక్క మీద దావావ్ నుంచి కొత్తగా వచ్చిన పిల్లని కూర్చోబెట్టాం. నువ్వు లేచిన చోట అలాంటివాళ్లు ఇద్దరు పడతారు."

ఆదివారం అక్కడ పనిమనుషులకు సెలవు. వంతెన కింద అట్టలు పరుచుకుని, పొద్దుగూకేదాకా తింటారు, పాడతారు, ఒకరి జడ ఒకరు వేసుకుంటారు. ఆ రోజు ఇంట్లో కంటపడితే చాలు, ఏదో ఒక పని మీద పడుతుంది. జ్వరమొచ్చినా సరే, బయటికి పోవలసిందే.

"తిండి సరిగ్గా పెడుతోందా?" అంది నెనిత.

"కూర్చోబెట్టి పెడుతోంది. అదే మింగుడుపడటం లేదు."

"అయితే వచ్చెయ్. మా మేడం చెల్లెలికి మనిషి కావాలట. సోమవారానికల్లా చెప్పాలి, లేకపోతే ఎవరో ఒకరు ఎగరేసుకుపోతారు."

మిందా పెట్టె వైపు చూసింది. సర్దుకునే పని కూడా లేదు.

"రేపొక్క రోజు ఆగు" అంది.

మర్నాడు పొద్దున్నే, వచ్చినప్పటి నుంచీ ప్రతి ఆదివారం చేస్తున్నట్టే, స్నానం చేసి మంచి గౌను వేసుకుంది. లిప్‌స్టిక్ రాసుకుంది. అన్నం, అదోబో కూర డబ్బాలో సర్దుకుంది. గుమ్మం దగ్గర జెనలిన్ ఎదురొచ్చింది.

"ఈ ఆదివారమైనా ఇంట్లో ఉండొచ్చుగా?"

"పనేమైనా ఉందా మేడం?"

"పనేం లేదు."

"అయితే వెళ్లొస్తాను."

మూల కొట్లో అట్టపెట్టె అడిగింది.

"ఎవరైనా ఊరెళ్తున్నారా?" అంది కొట్టావిడ.

"లేదు. కూర్చోడానికి."

"అంత మేడలో కుర్చీలే లేవా?"

మిందా నవ్వి అట్ట చంకన పెట్టుకుంది. చర్చి ఎదుటి హారో ప్లాజాలో ఒక మూల అట్ట పరిచి కూర్చుంది. చర్చి నుంచి జనం కుటుంబాలు కుటుంబాలుగా వస్తున్నారు. ఒకాయన నాణెం వేయబోయి, లిప్‌స్టిక్ చూసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. డబ్బా మూత తీశాక గాని తెలియలేదు, నలుగురికి సరిపడా వండుకొచ్చిందని.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి జెనలిన్ కనిపించింది. పేటంతా వెతికినట్టుంది, మొహం కందిపోయి ఉంది.

"ఇక్కడేం చేస్తున్నారు?"

"ఆదివారం కదా. సెలవు."

"ఎవరి నుంచి సెలవు?"

మిందా అట్ట అంచు సరిచేసింది.

"మీరు ఫోనులో మాట్లాడటం విన్నాను" అంది జెనలిన్. "మళ్లీ వెళ్లిపోతారా?"

"పిలుస్తున్నారు. ఇంకా ఏమీ చెప్పలేదు."

జెనలిన్ చెప్పులు విడిచి, ఇస్త్రీ గౌను నలుగుతుందని కూడా చూసుకోకుండా, వచ్చి అట్ట మీద ఆమె పక్కన కూర్చుంది.

"మోలో సూప్ కాచాను. ఉప్పెక్కువైందో తక్కువైందో తెలియడం లేదు. నాకు చెప్పేవాళ్లెవరున్నారు?"

మిందా డబ్బా మూత పెట్టి లేచింది.

"ఉప్పెక్కువైతే రెండు బంగాళాదుంపలు కోసి వేస్తే సరి. పద, నేను చూస్తాను. నెనితకు వద్దని చెప్పేస్తాలే."

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, జెనలిన్ అట్ట మీద కూర్చోవడం; నిజానికి ఆ పిల్ల ఆ మాటలన్నీ ఎండలో నిలబడే అంది, నోరు తిరగకముందే తనను అమ్మమ్మ ఒళ్లో వదిలి హాంకాంగ్ వెళ్లిన కన్నతల్లి పక్కన ఎంత దగ్గరగా కూర్చోవచ్చో తెలియక.