సీలు విప్పని కేసెట్

తన పాత హోమ్ కంప్యూటర్‌లో ప్రోగ్రాములు దాచుకోవడానికి మావారు మురళి ఖాళీ కేసెట్ల కోసం నెలలుగా వెతికారు. చివరికి మా ఊరి పర్సుడీహ్ బజారులో, పాత సామాన్ల కొట్టులో సీలు విప్పనిది ఒకటి దొరికింది. చీకటి పడ్డాక దాని పై ప్లాస్టిక్ పొర నేనే చింపాను.

రికార్డర్‌లో పెట్టగానే మా కాలింగ్ బెల్ మోగింది. మోగింది కేసెట్‌లో. వెంటనే మా అమ్మాయి హాసిని గొంతు, నాన్న వచ్చేశారని హిందీలో, "మమ్మీ, పాపా ఆ గయే!" ఆపైన నా కేక, "తలుపు తియ్యకే!" తర్వాత ఉత్త గరగర.

"కొత్త కేసెట్లో మన గొంతులేటే?" మురళి నవ్వబోయి ఆగారు. "నేనిక్కడే ఉన్నాను గదా, మరెవులొత్తారు?"

అప్పుడు నిజంగానే బెల్ మోగింది. ముందుగదిలో హాసిని కిటికీలోంచి చూసి సంతోషంగా అరిచింది.

"మమ్మీ, పాపా ఆ గయే!"

మురళి నా చేయి గట్టిగా పట్టుకున్నారు. అరుద్దామంటే నా గొంతు పెగల్లేదు. గడియ తీస్తున్న చప్పుడు వినిపించింది.