ఎనిమిదా, అరవైనాలుగా?

"బొమ్మ చూపించే గ్రాఫిక్స్ కార్డు కాలిపోయిందండి," అన్నాడు సుధీర్, సీపీయూ మూత తీసి లోపలికి టార్చి కొట్టి చూస్తూ. "పిడుగులు పడేటప్పుడు ప్లగ్గు పీకెయ్యాలండి. చెప్తే ఎవరూ వినరు."

ఎదురుగా స్టూలు మీద లోవరాజు కూర్చుని ఉన్నాడు. ఐ.పోలవరం అవతలి లంకలోంచి ఆ డబ్బాని గోనెసంచిలో చుట్టుకుని, ఏరు దాటి, బస్సెక్కి అమలాపురం వచ్చాడు. గడ్డం మాసిపోయి ఉంది.

"బొమ్మ వస్తదాండీ?"

"కార్డు మారిస్తే ఎందుకు రాదండీ?"

"ఇయ్యాలే కావాలండి. అమ్మాయి పెళ్లి సీడీ రోజూ ఇందులో చూసుకుని, అప్పుడు గానీ మా ఇంటిది ముద్ద ముట్టదండి. ఇది పోయిన కాణ్నించీ నల్లటి తెర ముందే కూర్చునుంటంది. మంచినీళ్లు కూడా బలవంతంగా పోత్తన్నాను."

"అమ్మాయిగారికి ఈ మధ్యే అయిందాండీ పెళ్లి?"

"ఆయ్. మాఘమాసంలో."

"మరి టీవీకి సీడీ ప్లేయరు తగిలించుకోవచ్చు కదండీ?"

"ఉందండి ప్లేయరు. దాంట్లో వద్దండి."

సుధీర్ లోలోపల నవ్వుకున్నాడు. నిన్నమొన్నటి దాకా హైదరాబాదులో కంప్యూటర్లు బిగించినవాడు. గడియార స్తంభం దగ్గర కొట్టు తెరిచినప్పటి నుంచీ, కార్డుల గురించి నాలుగు ముక్కలు చెబితే వినే నాథుడు లేక అతని నాలుక దురదపెడుతోంది. ఇవాళ ఒకడు దొరికాడు. రెండు కార్డులు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది మీ పాతదాని జతదే. వాడేసింది. ఎనిమిది ఎంబీ. ఇది కొత్తది, అరవైనాలుగు. బొమ్మ తెర మీదికి వచ్చే ముందు కార్డులో పేర్చుకోవాలండి. పాతదానికున్న చోటు చాపంత. కొత్తదానికున్నది నూర్పిడి కళ్లమంత. పైగా దానికి సొంత ఫ్యాను."

తన కంప్యూటర్లో ఒకదాని తర్వాత ఒకటి బిగించి కార్ల పందెం ఆట ఆడి చూపించాడు. పాత కార్డులో కారు వెక్కిళ్లు పెట్టింది. కొత్తదాంట్లో రయ్యిమని పోయింది. లోవరాజు కారు వైపే చూడలేదు. జేబులోంచి రుమాల్లో చుట్టిన సీడీ తీసి బల్ల మీద పెట్టాడు.

"దీంతో చూపించండి."

పాత కార్డు మళ్లీ బిగించి సీడీ వేశాడు సుధీర్. పందిరి, పీటలు, తలంబ్రాలు. బొమ్మ అక్కడక్కడా గెంతుతోంది. పాటలు లేవు, పేర్లు లేవు. కెమెరాతో తీసింది తీసినట్టే ఉంది.

"మిక్సింగ్ చేయించలేదేమండీ?"

"కుదర్లేదండి."

తర్వాత రేవు. పసుపు చీరలో పెళ్లికూతురు మగపెళ్లివారితో పడవెక్కింది. గట్టు మీదున్న వాళ్లమ్మ వైపు తిరిగి చెయ్యూపింది. పడవ గట్టు వదిలింది. తెరంతా నీళ్లు పరుచుకునేసరికి బొమ్మ రెండుసార్లు వణికి ఆగిపోయింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది.

"చూశారా! నీళ్లు రాగానే చచ్చింది. అలలన్నీ ఒక్కసారే కదలాలి కదండీ, ఆ ఓపిక దీనికి లేదు."

"మళ్లీ వేస్తే?" అన్నాడు లోవరాజు.

మళ్లీ వేశాడు. మళ్లీ అక్కడే ఆగింది.

"ఎన్నిసార్లు వేసినా అంతేనండి. ఇంక ఇది చూడండి," అంటూ కొత్త కార్డు బిగించాడు.

బొమ్మ నూనె రాసినట్టు జారింది. అమ్మాయి గాజుల మీద ఎండ మెరవడం కూడా కనిపించింది. పడవెక్కింది. చెయ్యూపింది. గట్టు వదిలింది. తెరంతా నీళ్లు. అలలు అలలుగానే కదిలాయి. పడవ ముందుకు సాగింది.

"చాలు! ఆపండి!"

లోవరాజు బల్ల మీంచి వంగి మౌసు పట్టుకున్న సుధీర్ చేతిని గట్టిగా పట్టేసుకున్నాడు. సుధీర్ ఆపేశాడు. అతనికి నిజంగానే జాలేసింది. అప్పగింతలంటే తండ్రులందరూ ఇంతే.

"బెంగ పెట్టుకోకండి. ఏడాది తిరక్కుండా మనవణ్ణెత్తుకుని అదే రేవులో దిగుతుంది చూడండి."

లోవరాజు తల వంచుకుని, సుధీర్ తీసిచ్చిన సీడీని రుమాల్లో చుట్టుకుంటున్నాడు. నాలుగు మూలలూ మడిచాడు. విప్పాడు. మళ్లీ మడిచాడు.

"అయితే అరవైనాలుగే బిగించెయ్యనా?"

"వద్దండి. పాతదే బిగించండి."

సుధీర్‌కి ఒళ్లు మండింది. ఇంతసేపూ గొంతు చించుకున్నది ఎవరికోసం?

"ధర గురించైతే చూడకండి. నా లాభం వదిలేస్తాను. పాపం అమ్మగారు చివరిదాకా చూసుకోవాలి కదండీ."

"పాతదే చాలండి."

ఇంక చేసేదేం లేక సుధీర్ మూతి ముడుచుకుని ఆ ఎనిమిదినే లోవరాజు డబ్బాలో బిగించాడు. తెర తగిలించి, సీడీ మళ్లీ అడిగి తీసుకుని వేశాడు. రేవు. పడవ. నీళ్లు. బొమ్మ ఆగిపోయింది. అప్పటిదాకా ఊపిరి బిగబట్టిన లోవరాజు అది చూసి మెల్లగా గాలి వదిలాడు. "అంతే. అలాగే ఉండాలండి," అన్నాడు.

డబ్బా సంచిలో పెట్టిస్తూ సుధీర్ ఉండబట్టలేకపోయాడు.

"కోప్పడకండి గానీ, తేడా కళ్లారా చూశారు కదండీ. పడవ కదలగానే ఆగిపోయే కార్డు ఎందుకండీ మీకు?"

లోవరాజు సంచి భుజానికెత్తుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. వెనక్కి తిరగకుండానే చెప్పాడు.

"కొత్తదాంట్లో అయితే పడవ తిరగబడిపోద్దండి."